నలభై రెండో పిడికిలి

మోదుగుబండ గోడల పుస్తకం. ఊరు లేచిన ఇరవై ఏడో ఏడు. రాస్తున్నది మన్విత, గోడల మనిషి.

ఫిబ్రవరి 11

బయట ముప్పై తొమ్మిది, లోపల ఇరవై ఆరు. ఫిబ్రవరికి ఇది మర్యాదైన ఎండే.

నలభై ఒక్క ఇళ్లకూ పొద్దుటి గంజి అయింది. అంటే నేను పట్టానని కాదు. ఎవరి గోడకు వాళ్లే గంజి పట్టాలి, నేను వెనకాలే తిరిగి తిట్టాలి. నా ఉద్యోగం ఇంతే. గంజిలో ఉప్పు వేయొద్దని చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. ఉప్పు పడితే గోడ లోపలి బూజు ముడుచుకుపోతుంది, చెమట పట్టడం మానేస్తుంది. చెమట పట్టని గోడ చల్లబడదు. ఇది మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. అయినా రాత్రి తాగగా మిగిలిన ఉప్పు గంజి తెచ్చి పోసి, ఏమీ ఎరగనట్టు నా ముఖం చూస్తారు.

లోహిత్ ఇంట్లో ఉత్తరపు గోడ మీద పసుపు మచ్చ కనబడింది. బొట్టుబిళ్ల కంటే కాస్త పెద్దది. చెక్కి చూశాను. కింద కూడా పసుపే. ఎండు ఊక అద్ది వచ్చాను.

ఫిబ్రవరి 14

లోహిత్ మా సభకు పెద్ద. నలభై అయిదేళ్లవాడు, మంచివాడు, సభ ముగిసినా మాట ముగియనివాడు. ఈ రోజు మాత్రం మాట లేకుండా నన్ను చేయి పట్టుకుని తీసుకెళ్లి గోడ చూపించాడు. మచ్చ కంచమంత అయింది. వేలితో నొక్కితే చేయి మణికట్టు దాకా దిగిపోయింది. వాసన నాకు నచ్చలేదు. గోడ నీరసిస్తే పులిసిన పిండి వాసన వస్తుంది. ఇది చచ్చిన ఎలుక వాసన.

గోడ నీరసిస్తే పిడికిలి పెట్టడం మా పద్ధతి. ఇంటికొకరు తమ గోడలోంచి పిడికెడు తీసుకొచ్చి ఆ గోడలో అదుముతారు. తిరిగి వెళ్లేటప్పుడు దాంట్లోంచి పిడికెడు తీసుకెళ్లి తమ గోడలో పెట్టుకుంటారు. మన బలం ఇచ్చి వాళ్ల బాధ తెచ్చుకోవడం. ఈ ఇరవై ఏడేళ్లలో ముప్పై సార్లయినా చేసి ఉంటాం. ప్రతిసారీ గోడ లేచింది.

"మూడు దినాలు ఆగుదాం లోహిత్. ఇది నీరసం లెక్క లేదు," అన్నాను.

"ఆగుడేందక్కా? అందరిండ్లకు పెట్టినం, నా ఇంటికి వద్దంటవా? నన్ను వేరు వెడ్తున్నవా?"

వేరు అనే మాట వస్తే మా ఊళ్లో ఇక ఎవరూ నోరెత్తరు. ఎండల ఏడాది సిమెంటు గదుల్లో మనుషులు ఉడికిపోతుంటే పాత ఊళ్లు వదిలి ఈ బండ దగ్గరికి చేరినవాళ్లం మేము. ఆ ఊళ్లలో వాడలు వేరు, బావులు వేరు, చచ్చాక కాల్చే చోటు వేరు. ఇక్కడ అలా ఉండకూడదని ఒట్టు పెట్టుకుని, మట్టీ ఊకా అందరం కలిసి తొక్కి, పాలకు వేసినట్టు ఒకే బూజు తోడు వేసి అన్ని గోడలూ పెంచుకున్నాం. ఏ సర్కారూ కట్టివ్వలేదు. అందుకే వేరు అంటే మాకు బూతు.

పెట్టండి అన్నాను. నేనే అన్నాను. అది ఈ పుస్తకంలో ఉండాలి.

సాయంత్రానికి ఇంటికొకరు వచ్చి పెట్టి, తీసుకెళ్లారు. మా దగ్గరి తోడు తీసుకెళ్లి గోడలు పెంచుకున్న ఆరు ఊళ్లవాళ్లు కూడా కబురు విని బండ్లు కట్టుకుని వచ్చారు. ఎంత ప్రేమ!

ఫిబ్రవరి 24

బయట నలభై రెండు, లోపల ముప్పై ఒకటి.

పసుపు పంతొమ్మిది ఇళ్లకు వచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఒకటే ప్రశ్న అడిగాను: లోహిత్ ఇంటి నుంచి తెచ్చిన పిడికెడు ఎక్కడ పెట్టారు? పంతొమ్మిది ఇళ్లలోనూ వేలు సరిగ్గా మచ్చ మీదికే వెళ్లింది.

మా ఇంట్లో తలుపు పక్కన. మా అత్త అక్కడే మంచం వేసుకుంటుంది. పేరు ఆద్య, ఊరందరికీ ఆద్యవ్వ, ఎనభై నాలుగేళ్లు. ఈ ఊళ్లో మొదటి మట్టి తొక్కింది ఆమే. ఆమె ఊ అంటే సభ ఊ అన్నట్టు. మా ఆయన పోయి ఆరేళ్లయింది, అప్పటి నుంచి ఇంట్లో మేమిద్దరం, మా తగాదాలూ. అరచేతిని గోడకు ఆనించి, "వేడి తగుల్తుంది పిల్లా," అంది. నాకు అరవై ఒకటి. ఇంకా పిల్లనే.

ఆమెకు చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను: జబ్బును మేమే పిడికిళ్లలో పెట్టుకుని ఇంటింటికీ మోసుకెళ్లాం.

మార్చి 2

మధ్యాహ్నం లోహిత్ ఇంటి ఉత్తరపు గోడ కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పెద్ద చప్పుడు కూడా లేదు, తడిసిన గోనెసంచి జారినట్టు జారిపోయింది.

సభలో చెప్పేశాను. పిడికిళ్ల వల్లే వచ్చిందనీ, నలభై ఒక్క ఇళ్లూ పోతాయనీ, వద్దని గట్టిగా అనని తప్పు నాదనీ. ఎవరైనా తిడితే బాగుండేది. ఎవరూ తిట్టలేదు.

రోడ్డు మీద సర్కారు కట్టిన చల్ల కాలనీ నుంచి ఒక అధికారి కూడా వచ్చాడు. కాగితాలు పంచాడు. అక్కడ చల్లదనం గొట్టాల్లోంచి వస్తుంది. కుటుంబానికొక గది. ఎవరు ఏ బ్లాకులో ఉండాలో మెషీన్ చీటీ తీస్తుంది. ఒక ఊరివాళ్లను పక్కపక్కన వేయరట, గుంపు కడతారని. ఎనభై దాటినవాళ్లకు వేరే బ్లాకట. వేరే అన్నప్పుడు సభ మొత్తం తలెత్తి చూసింది. పాపం ఆయనకు అర్థం కాలేదు.

ఏప్రిల్ మొదటి వారంలో నలభై ఎనిమిది దాటుతుంది. అప్పటికి చెమట పట్టే గోడ లేకపోతే ఇక్కడ మనిషి బతకడు. గోడ పెరగడానికి తొమ్మిది రోజులు చాలు, తోడు ఉంటే. మా తోడంతా పసుపే. ఆరు ఊళ్లకూ ఫోన్ చేశాను, వాళ్లకూ మచ్చలు మొదలయ్యాయి. మొదట్లో మాకు తోడిచ్చిన పరిశోధన కేంద్రం మూతపడి పదిహేనేళ్లు.

అప్పుడు అందరి నోళ్లలోనూ ఒకే పేరు ఉంది. ఎవరూ అనలేదు. నేనే అన్నాను.

"రుత్వికన్న గోడ మంచిగున్నది."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మార్చి 3

ఈ పుస్తకంలో మొదటి ఎనిమిదేళ్ల చేతిరాత రుత్వికన్నది. గోడల పని నాకు నేర్పింది ఆయనే. పంతొమ్మిదేళ్ల కిందట సభలో లేచి, ఊరంతటికీ ఒకే తోడు ఉంటే ఒక్క జబ్బుకు ఊరంతా పోతుంది, నాలుగిళ్ల తోడు వేరుగా ఉంచుదాం అన్నాడు. వేరు అన్నాడు. ఆయన అన్నది విత్తనం సంగతి, మేము విన్నది వాడల సంగతి. "వేరు గావాలంటె వేరే ఉండు. ఇయ్యాల్టి సంది ఈని గోడకు ఎవ్వలు పిడికిలి పెట్టొద్దు," అని తీర్పు చెప్పింది మా అత్త. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు, అయినా ఎత్తాను. మర్నాడు ఈ పుస్తకం నా చేతికి వచ్చింది.

బండ అవతల ఆయన ఇల్లు. కుంకుడు నురుగుతో మోచేతుల దాకా కడుక్కుని, ఉతికిన చీర కట్టుకుని వెళ్లాను.

"ఆడ్నే నిలవడు చెల్లె. చేతులు కడిగినవా?"

"కడిగిన అన్నా."

"మల్లొక్కసారి కడుగు. కుండ ఆడున్నది."

అరవై ఆరేళ్లకు బాగా వంగిపోయాడు. కడుక్కున్నాను. గోడలు పోతున్నాయని చెప్పబోతే చేయి అడ్డం పెట్టాడు.

"ఎర్కనే. పది దినాల సంది గాలికి వాసనొస్తుంది."

"మరి ఒక్క మాట చెప్పకపోతివి?"

"చెప్తే ఇంటరా? గప్పుడు ఇంటిరా?"

తోడు కావాలన్నాను. బతిమాలించుకుంటాడనీ, ముందు ఊరు వచ్చి కాళ్లు పట్టుకోవాలంటాడనీ అనుకుంటూ వెళ్లాను. ఆయన అలాంటివేమీ అనలేదు.

"తీస్కపోండ్రి. కాని ఇప్పుడే కాదు. నా ఒక్కని గంజితోని బతికిన గోడ ఇది, బలం లేదు. ఇప్పుడు కోస్తే అదీ బతకదు, ఇదీ బతకదు. తొమ్మిది దినాలు జొన్న అంబలి తాపాలె. గంతదాంక ఊరోళ్లు ఒక్కరు గూడ దీన్ని ముట్టొద్దు. ముట్టుకుంటె అయిపోయినట్టే."

ముట్టొద్దు అనే మాటను మా ఊళ్లో ఎలా చెప్పాలో నాకు తోచలేదు.

వస్తూ వస్తూ గోడను చూశాను. మా గోడల నిండా పిడికిళ్ల గుంటలే, ఒక్కో గుంటకూ ఒక్కో పేరు చెప్పగలం. ఆయన గోడ మీద ఒక్క గుంట లేదు. నేను చూడటం ఆయన చూశాడు.

"సాపు గోడ," అన్నాడు. "సూడ మంచిగుంటది గదా?"

మార్చి 8

బయట నలభై నాలుగు, మా ఇంట్లో ముప్పై నాలుగు, రుత్వికన్న ఇంట్లో ఇరవై ఏడు.

అయిదో రోజు అంబలి. ఆయన గోడ తాగుతోంది. నిన్న సాయంత్రం తెల్లటి పొర పైకి తేలింది, ముట్టుకోకుండానే చల్లదనం ముఖానికి కొట్టింది. నాకు ఆశ పుట్టింది. ఎన్నాళ్లయిందో! పన్నెండున తోడు తీస్తే ఇరవై ఒకటికి పది ఇళ్లు లేస్తాయి, ఇంటికి నాలుగు కుటుంబాల చొప్పున సర్దుకున్నా ఎండాకాలం దాటేస్తాం. కాలనీ కాగితాలు ఎవరూ నింపలేదు.

ఊరు బండ దగ్గర గీత గీసుకుని దాని ఇవతలే ఆగుతోంది. అంబలి కుండలు అక్కడ దింపి వెళ్తున్నారు. కుండల పక్కన నేను అడగనివి కూడా వస్తున్నాయి. ఒకరు పప్పు, ఒకరు మామిడికాయ తొక్కు, లోహిత్ అయితే తన చెప్పుల జత. రుత్వికన్న కాళ్లకు ఏమీ లేవని ఎవరో చెప్పారట. ఆయన తొక్కు తిన్నాడు. చెప్పుల్ని చాలాసేపు చూసి లోపల పెట్టుకున్నాడు, తొడుక్కోలేదు.

రాత్రి అన్నం దగ్గర అత్త అడిగింది.

"ఆడు మంచిగ తింటుండా పిల్లా?"

"తింటుండు."

"నా గురించి ఏమన్న అడిగిండా?"

"అడగలే."

కాసేపు కంచంలో వేళ్లు తిప్పింది. "నేనే గదా అన్నది. ఆని కాళ్లు మొక్కాలె నేను. పిడికిలి పెట్టి మొక్కాలె."

"తోడు తీసినంక మొక్కు అత్తా. నాలుగు దినాలు ఆగు."

"నాలుగు దినాలు ఉంటనా?"

"ఉంటవు. నన్ను సతాయించి పంపినంకనే నువ్వు పోయేది," అన్నాను. నవ్వింది. గోడ ఎందుకు ముట్టకూడదో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. తలూపింది. అర్థమైందనే అనుకుంటున్నాను.

మార్చి 11

ఎనిమిదో రోజు. రేపు తోడు తీయాల్సింది.

జొన్నపిండి అయిపోతే పొద్దున ఆరింటికి పక్కూరి గిర్నీకి వెళ్లాను. తొమ్మిదిన్నరకు తిరిగొచ్చేసరికి మంచం మీద అత్త లేదు. తలుపు పక్కన గోడలో పిడికెడంత కొత్త గుంట కనబడింది. పిండి సంచి అక్కడే పడేసి పరుగెత్తాను. ఈ వయసులో పరుగంటే ఏం పరుగు!

గీత చెరిగిపోయింది. బండ దగ్గరి నుంచి ఆయన ఇంటి దాకా ఊరంతా వరుసగా నిలబడి ఉంది, ఇంటికొకరు, అందరి కుడి చేతులూ మూసి ఉన్నాయి. అత్త ఆయన గుమ్మంలో కూర్చుని ఉంది. చేయి మణికట్టు దాకా గోడలో ఉంది. ఆయన ఆమె పక్కన నిలబడి వచ్చినవాళ్లకు చోటు చూపిస్తున్నాడు.

"ఈడ పెట్టు బిడ్డా. ఈడ జాగున్నది. జరంత పైకి."

లోహిత్ చెప్పులు ఆయన కాళ్లకు ఉన్నాయి.

నేను అరిచాను. ఏమేం అన్నానో అవన్నీ రాయను. గుర్తున్నది మాత్రం ఇది.

"నువ్వే గదా అన్నా ముట్టొద్దన్నది! ఒక్క దినం! ఒక్క దినం ఆగకపోతిరి!"

"అవ్వ వచ్చింది చెల్లె," అన్నాడు. "నడుసుకుంట వచ్చింది. బండ ఎట్ల ఎక్కిందో ఏమో. చెయ్యి సాపింది. వద్దని ఎట్లంట?"

"వద్దంటే ఊరు బతికేది!"

"అవును. అది గూడ అవ్వకు చెప్పిన." ఆయన గొంతులో కోపం లేదు. "పంతొమ్మిదేండ్ల సంది నేనే కరెక్టు చెల్లె. ఆ కరెక్టుతోనే ముచ్చట వెట్టుకుంట ఒక్కన్నే కూసున్న. ఇగ నాతోని కాలే."

లోహిత్ మీద పడ్డాను. సభ పెద్దవు, నీకు బుద్ధి ఉండొద్దా అన్నాను.

"ముసలమ్మ పోతుంటే ఆపుదామనే వచ్చినమక్కా."

"ఆపుదామని వచ్చినోనికి పిడికిలెందుకురా?"

తన చేయి తాను చూసుకున్నాడు. పిడికిలి లేకుండా ఒకరి గుమ్మానికి వెళ్లడం మా ఊరివాళ్లకు చేతకాదు. నలభై ఒక్క ఇళ్లూ వచ్చాయి. నలభై ఒక్క గుంటలు పడ్డాయి.

కత్తి తెచ్చి, కప్పు కింద ఎవరి చేయీ అందనిచోట రెండు దోసిళ్లు కోశాను. కొత్త కుండలో ఉడికించిన ఊక వేసి అందులో పెట్టి మూతకు మైనం పట్టాను. పచ్చి తోడు అని తెలుసు. అయినా చూడాలి కదా.

మార్చి 15

కుండ మూత తీశాను. పసుపు.

అత్త నిద్రపోయే సమయం చూసుకుని ఏడ్చాను. తర్వాత కుండను పగలగొట్టాను. మంచి కుండ అది.

అత్త మంచం మీద హాయిగా పడుకుని ఉంది. "ఆడు నాతోని మాట్లాడిండు పిల్లా. అవ్వా అని పిలిచిండు," అని పొద్దుటి నుంచి నాలుగోసారి చెప్పింది. గోడ ఎందుకు ముట్టకూడదో ఆమెకు అర్థమయ్యే ఉంటుంది, ఆ సంగతే నాకు మింగుడుపడదు. నాకు ఆమెను కొట్టాలనిపించింది. నీళ్లు తాగించి, కాళ్లు తుడిచాను.

మార్చి 30

బయట నలభై ఏడు. లోపల అని రాయడానికి లోపల లేదు.

బస్సులు వచ్చాయి. మెషీన్ తీసిన చీటీలు చదివారు. లోహిత్ తొమ్మిదో బ్లాకు. రుత్వికన్న ఏడు. నేను రెండు. అత్త ఎనభై దాటినవాళ్ల బ్లాకు. ఆమెను ఎక్కించేటప్పుడు కొంగు కొసను నా చేతిలో పెట్టి, బస్సు కదిలేదాకా రెండో కొసను తన చేతిలోంచి వదల్లేదు.

వారం వారం చూడొచ్చు అన్నాడు అధికారి. దరఖాస్తు పెట్టుకోవాలట. ఇరవై ఏడేళ్లు మేము కట్టుకున్న ఊరు మధ్యాహ్నం పన్నెండుకల్లా నాలుగు బస్సుల్లో సరిపోయింది. నేను ఎవరినీ క్షమించలేదు. ముందు నన్నే క్షమించలేదు. ఆ రోజు వరుసలో ఉన్నవాళ్ల ముఖాలు మాత్రం గుర్తొస్తున్నాయి. మా ఊరు అంత బాగా కనబడిన రోజు ఇంకోటి లేదు, దానికి నేనేం చేయను?

నా బస్సుకు ఇంకా కాస్త టైముందంటే ఇంటికి వెళ్లాను. మా గోడ మోకాలెత్తు మిగిలింది. దాంట్లోంచి పిడికెడు తీశాను. మా ఇంటి పిడికిలి ఆ రోజే అత్త పెట్టేసింది, లెక్కకైతే అయిపోయింది. ఇది నాది. పంతొమ్మిదేళ్ల కిందట ఎత్తిన చేతిది.

రుత్వికన్న ఇల్లు సగం నిలబడే ఉంది. ఆయన గుమ్మంలో చిన్న మూటతో కూర్చుని తన బస్సు కోసం చూస్తున్నాడు. నన్ను చూసి లేచాడు. గోడంతా పసుపు, గోడంతా గుంటలు. ఆయన పక్కకు జరిగి, తన తల ఆనించుకునే చోట వేలు పెట్టి చూపించాడు.

"ఈడ ఒక జాగ ఉంచిన చెల్లె. నువ్వు పెట్టలేదని."

పెట్టాను. పద్ధతి ప్రకారం ఆ గోడలోంచి పిడికెడు తీసుకున్నాను.

ఇప్పుడు బస్సులో ఉన్నాను. రోడ్డు సాపుగా ఉంది, అయినా అక్షరాలు వంకర పోతున్నాయి, ఎడమ చేత్తో రాస్తున్నాను కనుక. కుడి చేయి మూసే ఉంది. తీసుకెళ్లిన పిడికెడు ఇంటికి చేరగానే గోడలో పెట్టుకోవాలి, దారిలో చేయి తెరవకూడదు. అది మా పద్ధతి. రెండో బ్లాకు ఇంకో అరగంట దూరమట.